తల్లి పుట్టింటి పేరు

“కెరెన్‌ని బయటికి పంపండి. లోపల దాక్కుంటే అప్పు తీరిపోదు.”

ఆ మాట హిందీలో అన్నాడు. మూడంతస్తుల వాళ్ళకీ వినపడాలని గట్టిగా అన్నాడు. ఇద్దరొచ్చారు. ఒకడు సన్నగా, చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో ఉన్నాడు. రెండోవాడు తలుపు మూసుకోకుండా గడపమీద బూటు ఆనించి నిలబడ్డాడు. సగం ఒలిచిన బఠాణీల గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. సాకేత్‌ ఆస్పత్రిలో మార్నింగ్ షిఫ్టు ముగించుకుని, ఢిల్లీ బస్సులో నిలబడి సరోజినీ నగర్ చేరి, యూనిఫాం విప్పి, కూర పని మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు. వీళ్ళు రావడం ఈ వారంలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఇంట్లో ఎవరూ లేకపోతే, పైన ఉండే హనుమాయమ్మగారి తలుపు కొట్టి మరీ చెప్పి వెళ్ళారట.

“కాలేజీకి వెళ్ళింది. ఏం కావాలో నాతో చెప్పండి” అన్నాను.

“వెళ్ళిందా?” సన్నటివాడు ఫైలు తెరిచి చూసుకున్నాడు. “మాతాజీ, నేను అడుగుతున్నది మీ అబ్బాయిని. కెరెన్.”

“నాకు అబ్బాయిలు లేరు. కెరెన్ నా కూతురు.”

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సన్నటివాడికి కోపం వచ్చింది. “మొన్న సోమవారం నేనే ఫోనులో మాట్లాడాను. మగగొంతు. ‘కెరెన్ బోల్ రహా హూఁ, రేపు కడతాను’ అన్నాడు. మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నారా?”

వాడు ఒక కాగితం తీసి బఠాణీల మీద పడేశాడు. కూతురి పేరు, మా క్వార్టరు నంబరు, కాలేజీ పేరు. స్టూడెంట్ క్రెడిట్ కార్డు. వడ్డీతో, జరిమానాలతో కలిపి డెబ్బై వేల పైచిలుకు.

“శనివారం వరకూ చూస్తాం. తర్వాత ఇక్కడికి రాం. కాలేజీకి వెళ్తాం. క్లాసులోకే వెళ్తాం” అన్నాడు బూటు మనిషి. అంతసేపూ వాడు మాట్లాడింది ఆ ఒక్క మాటే.

వాళ్ళు దిగిపోయాక పైమెట్ల మీంచి హనుమాయమ్మగారు వంగి చూశారు. “ఏంటి రెబ్కమ్మా, గొడవ? ఆడపిల్లకి సెల్లు కొనిచ్చిన రోజే అనుకున్నాలే నేను.”

అందరూ ముందే అనుకున్నవాళ్ళే. ఆడపిల్ల విషయంలో ఏ చెడ్డ జరిగినా ఈ క్వార్టర్స్‌లో ప్రతివాళ్ళూ ముందే అనుకుని ఉంటారు.

ఐదింటికి కెరెన్ వచ్చింది, ఆరింటికి వాళ్ళ నాన్న వచ్చారు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇంటికి రాగానే ముందు సాక్సు విప్పుతారు, తర్వాత టీ తాగుతారు, తర్వాతే ఎవరైనా ఏదైనా చెప్పాలి. ఆ రోజు ఆ వరస తప్పించి కాగితం ముందు పెట్టి, వచ్చినవాళ్ళు అన్నదంతా చెప్పాను. చదివి, కళ్ళజోడు తీసి, కూతురి వంక చూశారు. ఆ చూపు నాకు గుర్తుంది. ఆశ్చర్యం లేదు అందులో. అప్పుడు నేను దాన్ని నిబ్బరం అనుకున్నాను.

“ఇదేంటి?”

“నాకు తెలీదు డాడీ. సచ్ మే. నాకు ఏ కార్డూ రాలేదు.” కెరెన్‌కి మా తెలుగు అంతా అర్థమవుతుంది గాని, కంగారు పడితే సగం హిందీలోకి జారిపోతుంది. “లాస్ట్ ఇయర్ కాలేజ్ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టారు. ఫారమ్ నింపితే బ్యాగ్ ఫ్రీ అన్నారు. క్లాస్ అంతా నింపారు. స్టాల్‌లో దీదీ, జస్ట్ సైన్ కర్ దో, టార్గెట్ పూరా హో జాయేగా అంది. తన లెక్క పూర్తవుతుందని సైన్ చేశాను. బస్.”

ఆ సంచీ మా వంటింట్లోనే ఉంది. నీలం గుడ్డసంచీ. అందులోనే నేను ఉల్లిపాయలు తెచ్చేదాన్ని.

“మగాడు మాట్లాడాడంటగా ఫోనులో?” అన్నారు ఆయన.

“ఎవరు?”

“నన్నడుగుతావా? నువ్వు చెప్పు. ఎవడు వాడు? కార్డు ఎవడికిచ్చావు?”

“డాడీ, కసమ్ సే...”

“కసమూ లేదు, ఒట్టూ లేదు. ఎవడో ఉన్నాడు దీనికి. వాడికిచ్చింది కార్డు. వాడు తగలేశాడు.” ఆయన నా వైపు తిరిగారు. “ఇదీ నీ పెంపకం. షిఫ్టులూ షిఫ్టులూ అని తిరుగుతుంటే ఇంట్లో పిల్ల ఏం చేస్తందో ఎవుడికి తెలుసు?”

ఇరవై రెండేళ్ళుగా నేను తిరుగుతున్న ఆ షిఫ్టుల జీతం నేరుగా బ్యాంకులో పడుతుంది. ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. సోమవారం పొద్దున్నే బస్సు పాసుకీ కూరలకీ లెక్కపెట్టి ఇస్తారు. జీతం కాగితాలు ఇనప బీరువాలో ఆయన ఫైల్లో ఉంటాయి. “నువ్వు రోగుల్ని చూసుకో, కాగితాలు నేను చూసుకుంటా” అని పెళ్ళయిన కొత్తలో అంటే, ఎంత ప్రేమో అని మురిసిపోయాను. నా బదులు సంతకాలు కూడా ఆయనే పెట్టేవారు. గ్యాసు బుక్కు మీద, కెరెన్ ప్రోగ్రెస్ కార్డు మీద, చర్చిలో దశమభాగం కానుక కవరు మీద ‘రెబ్కా’ అని రాసేది ఆయన చెయ్యే. “నువ్వు డ్యూటీలో ఉంటావుగా, నీకు తీరికెక్కడిది” అనేవారు. నా పేరు రాసే తీరిక కూడా నాకు లేదని నేను నమ్మాను. నమ్మడానికి కూడా తీరిక దొరకలేదేమో, ఊరికే తలాడించాను.

“శనివారం రైలుకి టిక్కెట్టు తీస్తా. ఆఫీసు కోటాలో దొరుకుద్ది” అన్నారు ఆయన టీ కప్పు ముందుకు లాక్కుంటూ. “బాపట్లలో మా అక్క దగ్గరుంటది. ఇంక కాలేజీ అక్కర్లేదు.”

“ఏప్రిల్లో ఫైనల్ పరీక్షలండీ.”

“పరువుకంటేనా?”

కెరెన్ ఏడవలేదు. లోపలికి వెళ్ళి పుస్తకాల ముందు కూర్చుంది. పుస్తకం తెరవలేదు. వార్డులో బీపీ పడిపోతున్న మనిషి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నొప్పి అని అరవదు. చుట్టూ ఏం జరుగుతున్నా పట్టనట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

“మమ్మీ, నువ్వు నన్ను నమ్ముతున్నావా?”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలకీ ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

“రేపు బ్యాంకుకి వెళ్దాం” అన్నాను.

గురువారం సెలవు పెట్టాను. నా బదులు మాణిక్యం సిస్టర్ డ్యూటీ ఒప్పుకుంది. మాణిక్యం, నేను ఒకే బ్యాచ్, తెనాలి పిల్ల. ఫోనులో కారణం చెప్పమంటే “కెరెన్ వాళ్ళ నాన్నకి తెలియకూడని పని” అన్నాను. అది నవ్వింది. “ఇప్పటికీ పేరు అనవుటే నువ్వు? మొగుడు మన వార్డులోనే హెర్నియాకి పడుకుంటే చేతిపట్టీ మీది పేరు వెలుతురులో పెట్టి మనసులో చదివావు గాని, నోటితో పేరు పిలిచి ఇంజక్షన్ ఇచ్చావా? ఇంకో నర్సయితే మెమో ఇచ్చుండేవారు.”

నిజమే. మందు ఇచ్చేముందు రోగి పేరు పైకి చదవాలి. మనసులో చదివితే చాలదు. పక్క బెడ్డు మందు ఈ బెడ్డుకి ఎక్కకుండా ఉండాలంటే అదొక్కటే దారి. ట్రైనింగులో మొదటివారం నేర్పుతారు. వేలమందిని గొంతెత్తి పేరుపెట్టి పిలిచాను. ఆ ఒక్క మనిషిని పిలవలేదు. పెళ్ళయిన రెండో రోజు అత్తగారు నా నోటిమీద వేలుపెట్టి, “మొగుణ్ణి పేరుతో పిలిచే ఆడది మా ఇంటావంటా లేదు” అంది. అప్పటినుంచి ఆయన నాకు ‘ఏవండీ’, పిల్ల పుట్టాక ‘కెరెన్ వాళ్ళ నాన్న’. ఢిల్లీ వచ్చి పద్దెనిమిదేళ్ళు. అత్తగారు పోయి ఎనిమిదేళ్ళు. వేలు మాత్రం నా నోటిమీదే ఉంది.

నెహ్రూ ప్లేస్‌లో ఆ బ్యాంకు కార్డుల ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. గంటన్నర కూర్చోబెట్టి, చివరికి ఒక అమ్మాయి దగ్గరికి పంపారు. మెడలో గుర్తింపు కార్డు, గోళ్ళకి ఎర్రరంగు, కెరెన్‌కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నేను నర్సునని తెలిశాక కొంచెం మెత్తబడింది. వాళ్ళమ్మ కూడా నర్సేనట.

“ఆంటీ, కార్డు మీ ఇంటికే వచ్చింది. కొరియర్ సంతకం ఉంది. ఫోను చేసి యాక్టివేట్ చేయించుకున్నారు. మా వాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. పుట్టిన తేదీ, మదర్స్ మెయిడెన్ నేమ్. రెండూ కరెక్ట్‌గా చెప్పారు.”

“మెయిడెన్ నేమ్ అంటే?”

“పెళ్ళికి ముందు మీ సర్‌నేమ్ ఆంటీ. సేఫ్టీ కోసం. ఇంట్లోవాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలీదు కదా.” తెరమీద చూసి కూడబలుక్కుంటూ చదివింది. “టల్... టల్లూరి.”

తాళ్ళూరి.

ఎన్నేళ్ళయింది ఆ మాట విని! స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు వినేదాన్ని. తాళ్ళూరి రెబ్కా, ప్రెజెంట్ టీచర్. నర్సింగ్ సర్టిఫికెట్ మీద ఉంది. ఆ సర్టిఫికెట్ కూడా ఇనప బీరువాలోనే ఉంది. పెళ్ళితో ఆ పేరు పోయింది, పోయినందుకు ఎవరూ ఏడవలేదు, నేను కూడా. ఇక్కడ నెహ్రూ ప్లేస్‌లో, ముక్కూమొహం తెలియని పిల్ల నోట్లోంచి అది మళ్ళీ నా ఒళ్ళో పడింది.

కెరెన్ నా మోచెయ్యి లాగింది. “మమ్మీ, టల్లూరి ఎవరు?”

నా కూతురికి తెలీదు. ఇరవై ఏళ్ళ పిల్లకి, బీకాం చదువుతున్న పిల్లకి, తన తల్లి ఇంటిపేరు తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు, తనెప్పుడూ అడగలేదు, మా ఇద్దరిలో ఎవరికీ దాంతో పని పడలేదు.

“ఫారం చూపిస్తావా బేటీ?” అన్నాను ఆ అమ్మాయితో.

చూపించకూడదట. అటూ ఇటూ చూసి, తెరని మావైపు తిప్పింది. మొదటి పేజీ అంతా కెరెన్ గుండ్రటి రాత. “ఆ రెండు గళ్ళూ నేను వదిలేశాను” అంది కెరెన్ వేలుపెట్టి చూపిస్తూ. ఒకటి తల్లి పుట్టింటి పేరు. రెండోది హామీగా ఉండే తల్లో తండ్రో ఎవరు, జీతమెంత. ఆ రెండు గళ్ళూ వేరే సిరాతో, పక్కకి వాలిన పెద్దక్షరాలతో నింపి ఉన్నాయి. వాటికి జతగా నా జీతం కాగితం. కింద నా సంతకం.

నా సంతకాన్ని నాకంటే ఎక్కువసార్లు పెట్టిన చెయ్యి అది. ‘ఆర్’ కాలు బాగా కిందికి లాగి, చివర రెండు చుక్కలు. ఇంకెవరూ అలా పెట్టరు.

“స్టాల్‌లో సగం నింపిన ఫారాలు వస్తే, ఏజెన్సీ వాళ్ళు ఇంటికి ఫోను చేసి మిగతాది పూర్తి చేయించుకుంటారు ఆంటీ” అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. “వాళ్ళకి ఫారానికింత అని వస్తుంది. కార్డు అమ్మాయిదా అబ్బాయిదా అని కూడా చూడరు. ఫోనులో కూడా అంతే. కెరెన్ అంటే మా వాళ్ళకేం తెలుస్తుంది?”

డబ్బు ఎక్కడ తీశారని అడిగాను. కాగితం అచ్చు వేసి ఇచ్చింది. ఒకే వారంలో మూడుసార్లు నగదు. ఏటీఎం ఎక్కడిదో చదివాను. ఆయన ఆఫీసు భవనం గేటు పక్కది. నెల చూశాను. నిరుడు అక్టోబరు.

అక్టోబరు చివరి ఆదివారం ద్వారకలో మా తెలుగు క్రైస్తవ సంఘం కొత్త గుడికి పునాదిరాయి వేశారు. సంఘపెద్ద ధర్మయ్యగారు కానుకలిచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివారు. అందరికంటే పెద్ద కానుక ఎవరిదో చివర్లో చదివారు. కెరెన్ వాళ్ళ నాన్నది. యాభై వేలు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తలొంచుకుని నవ్వారు. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను, గర్వంతో. ఎక్కడిదని ఇంటికొచ్చాక అడిగితే “ఆఫీసు సొసైటీలో లోను పెట్టా, నీకెందుకు” అన్నారు. ఆ మరుసటి నెలే ఆయన సంఘ కార్యదర్శి అయ్యారు.

కింద రోడ్డుమీదికి వచ్చాక కెరెన్ అంది, తెలుగులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ. “నాకు ఎవరో ఉన్నారని డాడీ అన్నారు. తనకి తెలిసి కూడా అన్నారు కదా మమ్మీ?”

సాయంత్రం ఆరింటికి ఆయన సాక్సు విప్పారు. టీ ఇచ్చాను. సగం తాగేవరకూ ఆగాను.

“ఏవండీ, నా పుట్టింటి పేరు గుర్తుందా మీకు?”

“తాళ్ళూరోళ్ళు కాదూ? మర్చిపోతానా. పెళ్ళిలో మీ బాబాయి కోడికూరలో ఉప్పెక్కువైందని...” అని నవ్వబోయి ఆగిపోయారు. కప్పు సాసరులో పెట్టారు. నేను బ్యాంకు కాగితం బల్లమీద పెట్టాను.

అబద్ధం ఆడతారనుకున్నాను. ఆడలేదు. ఆ అవసరం కూడా ఆయనకి కనపడలేదు, అదీ నాకు మంటగా ఉంది.

“దేవుడి పనికి వాడా. తాగానా, పేకాడానా? ఏజెన్సీవోడు ఫోను చేసి ‘మీ పాప ఫారం సగంలో ఉంది సార్’ అన్నాడు. నిదానంగా కట్టేద్దాం లెమ్మనుకున్నా. ఆ వడ్డీలు ఇట్టా పెరుగుతాయని ఎవుడికి తెలుసు?”

“మీ పేరుమీద తీసుకోవచ్చుగా.”

“నా పేరుమీదా?” నిజంగా తెల్లబోయారు. “గవర్నమెంటు ఉద్యోగం రెబ్కా. అప్పు ఎగ్గొట్టానని ఆఫీసుకి ఉత్తరం వెళ్తే మెమో ఇస్తారు. ప్రమోషన్ ఆగుద్ది. ఈ క్వార్టరు ఎవరిదనుకుంటన్నావు?”

“మరి దాని పేరు?”

“ఆడపిల్ల. రెండేళ్ళలో పెళ్ళయితే ఇంటిపేరే మారిపోద్ది. ఎవుడికి గుర్తుంటది?”

అలా అన్నారు. టీలో పంచదార తక్కువైందని చెప్పినంత మామూలుగా. నా ఇంటిపేరు పోయినట్టే దానిదీ పోతుంది కాబట్టి, పోయేలోపల దానిమీద అప్పు చేసుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఆయన చెడ్డవాడని నేననుకోలేదు. ఇప్పటికీ ఆ మాట నాకు చిన్నదిగా కనిపిస్తుంది. చెడ్డవాడు దాచుకుంటాడు. ఈయన మా ఇద్దరి పేర్లనీ బీరువాలో పెట్టుకున్న సొంత సామాను అనుకున్నారు. కావలసినప్పుడు తీసి వాడుకున్నారు, అంతే.

“సరే, మరి ‘ఎవడో ఉన్నాడు’ అన్నారే. కన్నకూతుర్ని.”

“ఏదో ఒకటి అనాలిగా మరి, ఆ మగగొంతుకి.” కప్పు నా వైపు జరిపారు. “రేపు కాలేజీలో ఈ కార్డుల గొడవ మీద మీటింగుంది. నేనే డ్రాఫ్టు రాసిచ్చా ప్రిన్సిపాల్‌కి. నువ్వొచ్చినా రాకపోయినా ఒకటే, వస్తే మాత్రం నోరెత్తకు. నువ్వెత్తవులే, నాకు తెలుసు.”

తెలుసు. ఆయనకి అది నా పుట్టింటి పేరంత ఖాయంగా తెలుసు.

శుక్రవారం మూడింటికి కాలేజీ సెమినార్ హాలు నిండిపోయింది. కెరెన్ లాంటివాళ్ళు ఇరవై ఆరుగురు తేలారట. క్యాంపస్‌లో కార్డుల స్టాళ్ళు ఉండాలా వద్దా, ఉంటే ఏ షరతులమీద ఉండాలి అన్నది ఆ రోజు తేల్చాలి. మొదటి వరసంతా తండ్రులు. తల్లులు గోడ పక్కన. ఏజెన్సీ తరపున టై కట్టుకుని సందీప్ అనే మనిషి వచ్చాడు. ప్రిన్సిపాల్ మేడమ్ అతణ్ణి పేరుపెట్టి కసిరారు, అతను ప్రతిదానికీ “యెస్ మేడమ్” అన్నాడు.

“అసలు తప్పు అమ్మాయిలది” అన్నాడు ఒక తండ్రి లేచి. “మాల్ కనపడితే ఆగరు.”

“ఇంట్లో తల్లి కనిపెట్టుకుని ఉంటే ఇలా జరుగుతుందా?” అన్నాడు ఇంకొకాయన. గోడ పక్కన ఒకావిడ తల దించుకుంది. ఆమె చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంది. ఆఫీసు నుంచి పర్మిషన్ పెట్టి వచ్చినట్టుంది.

అప్పుడు కెరెన్ వాళ్ళ నాన్నని మాట్లాడమన్నారు. ఆయన కోటు గుండీ పెట్టుకుని లేచారు. డ్రాఫ్టు రాయడంలో ఆయనకి పేరుంది. టైపు చేయించిన కాగితం ఇంగ్లీషులో నిదానంగా చదివారు. ఇకమీదట ఏ విద్యార్థికైనా కార్డు ఇవ్వాలంటే తండ్రి రాతపూర్వక అనుమతి, సంతకం తప్పనిసరి. కార్డు తండ్రి చిరునామాకే పంపాలి. ఖర్చుల వివరాలు తండ్రికే తెలపాలి. పిల్లలు తెలియక మోసపోతారు కాబట్టి కుటుంబ పెద్ద నిఘా అవసరం. హాలంతా తలలు ఊగాయి. సందీప్ అందరికంటే ముందు ఊపాడు. “మాకు చాలా మంచిది సర్. ఫాదర్ సైన్ ఉంటే రికవరీ కూడా ఈజీ.”

నా పక్కన కెరెన్ తల దించుకుని కూర్చుంది. రేపు సాయంత్రం రైలు. సూట్‌కేసు నిన్న రాత్రే ఆయన మంచం కింద నుంచి బయటికి తీసి పెట్టారు.

“పాస్ చేసేముందు కేసులవారీగా రికార్డు చదువుతాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి” అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. ఒక్కొక్కటే చదువుతూ వచ్చారు. తొమ్మిదోది మాది. “కెరెన్, బీకాం మూడో సంవత్సరం. కార్డును అపరిచిత యువకుడికి అప్పగించింది. తండ్రి లిఖితపూర్వకంగా తెలిపారు. కుటుంబం ఆమెను కాలేజీ మానిపిస్తోంది.”

హాల్లో ఎవరో గొంతులో నవ్వారు. కెరెన్ తల ఇంకా కిందికి వంగింది.

నేను లేచాను. ఎప్పుడు లేచానో నాకు తెలీదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడుకి అందరూ తిరిగారు.

“మేడమ్, నాకు అభ్యంతరం ఉంది.”

“రెబ్కా, కూర్చో” అన్నారు మొదటి వరసలోంచి, తెలుగులో, చిరునవ్వు చెదరకుండా. “ఆవిడకి ఒంట్లో బాలేదు మేడమ్.”

“ఒంట్లో బాగానే ఉంది. ముప్ఫై పడకల వార్డు చూస్తాను, బాగోకపోతే కుదరదు.” నా హిందీ ఆస్పత్రి హిందీ, మొరటుది. అదే మాట్లాడాను. “ఒక్క ప్రశ్న. తండ్రి సంతకం రూలు నిరుడే ఉండుంటే ఈ ఇరవై ఆరు కార్డులూ ఆగిపోయేవా?”

“ఆగేవి కదా” అన్నారు మేడమ్.

“మా అమ్మాయిది ఆగేది కాదు. దాని ఫారం సగం ఖాళీగా వెళ్ళింది. మిగతా సగం వీళ్ళ ఏజెన్సీ ఇంటికి ఫోను చేసి నింపించుకుంది.” సందీప్ వైపు చూపించాను. “నింపిన మనిషి నా సంతకం పెట్టాడు. నా జీతం కాగితం ఇచ్చాడు. ఇంటికొచ్చిన కార్డు అందుకున్నాడు. ఫోనులో నా కూతురి పేరు తనదని చెప్పాడు. ప్రతినెలా వచ్చిన కాగితాలు దాచాడు. ఇప్పుడు మీరు రాసుకుంటున్న రూలు ఆ మనిషికే తాళాలు ఇస్తుంది. స్టాళ్ళు ఎత్తెయ్యండి. ఎత్తెయ్యలేకపోతే, ఏ పిల్ల పేరు రాశారో ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, చదివి వినిపించి, కార్డు దాని చేతిలో పెట్టండి. దాని బదులు ఇంకెవరి సంతకమూ వద్దు. తండ్రిదీ వద్దు. నాదీ వద్దు.”

బ్యాంకు కాగితం తీసుకెళ్ళి మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ చదివారు. ఏటీఎం ఎక్కడిదో ఉన్న వరస దగ్గర వేలు ఆగింది. తల ఎత్తి నన్ను చూశారు గాని మొదటి వరస వైపు చూడలేదు.

“ఇందులో పేరు లేదు” అన్నారు నెమ్మదిగా. “రికార్డులో ‘అపరిచిత యువకుడు’ అని ఉంది. అది కొట్టెయ్యాలంటే మీరు పేరు చెప్పాలి. ముందు మీ పేరు.”

క్లర్కు పెన్ను ఎత్తి పట్టుకున్నాడు. మొదటి వరసలో ఆయన నా వైపు చూస్తున్నారు. భయంతో కాదు. ఆ చూపులో ఇంకా నమ్మకం ఉంది. ఈ ఆడది ఇక్కడిదాకా వచ్చినా ఆ మాట మాత్రం అనదు. దీని నోటికి ఆ మాట తిరగదు.

ఆయన ఉద్యోగం గుర్తొచ్చింది. క్వార్టరు గుర్తొచ్చింది. వచ్చే నెల ఎక్కడ ఉంటామో నాకు తెలీదు. కాని వార్డులో ఇంతకంటే చిన్న విషయానికి కూడా నేను ఒప్పుకోను. పేరు పైకి చదవకపోతే ఒకరి మందు ఇంకొకరికి ఎక్కుతుంది. ఆ విషం ఇక్కడ నా పక్క కుర్చీలో పిల్లకి ఎక్కుతోంది.

“తాళ్ళూరి రెబ్కా” అన్నాను. “స్టాఫ్ నర్సు.”

కెరెన్ తల ఎత్తింది.

“అతని పేరు?”

“సాలొమోను.” మొదటిసారి గొంతు సరిగా రాలేదు. వరండాలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా, ఆరో బెడ్డుని పిలిచినట్టు పిలిచాను.

“సాలొమోను. నా భర్త.”